నెట్ ఆగిపోతే ఫిర్యాదు ఎలా చేయాలి: డాకెట్ నంబరు లేకుండా ఫోన్ పెట్టేయకండి

బ్రాడ్‌బ్యాండ్ పనిచేయక రోజుల తరబడి తిప్పలు పడుతున్నవాళ్లని అడిగి చూడండి, చాలామంది కంపెనీకి ఫిర్యాదు చేశామనే అంటారు, తీరా చూస్తే కేబుల్ ఆపరేటర్‌కో లైన్‌మన్‌కో ఫోన్ చేసి ఉంటారు. అతను "రేపు వస్తా సార్" అన్న మాట ఏ రికార్డులోనూ ఉండదు.

ముందు మోడెమ్ చూడండి. ఫైబర్ కనెక్షన్‌లో ఎల్‌ఓఎస్ (LOS) అని రాసి ఉన్నచోట ఎర్ర లైటు వెలుగుతుంటే సిగ్నల్ మీ ఇంటిదాకా రావడం లేదని అర్థం. సన్న ఫైబర్ వైరు ఊడిందా, మడత పడిందా చూడండి. అది బాగుంటే బయట ఎక్కడో లైను తెగి ఉంటుంది, ఇంట్లో ఎన్నిసార్లు ఆపి ఆన్ చేసినా లాభం లేదు. ఎర్ర లైటు లేకపోతే ప్లాన్ గడువు చూసుకుని, మోడెమ్ ఒకసారి రీస్టార్ట్ చేయండి. స్పీడ్ తక్కువైతే లాన్ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి కలిపి టెస్ట్ చేసి స్క్రీన్‌షాట్ దాచుకోండి. వైఫైలో తీసింది చూపిస్తే గోడలు అడ్డమంటారు, అందులో కొంత నిజం కూడా ఉంది.

తర్వాత కంపెనీ కస్టమర్ కేర్‌కి చేయండి. నంబరు బిల్లు మీదో, కంపెనీ యాప్‌లోనో ఉన్నదే తీసుకోండి. గూగుల్‌లో కనిపించిన నంబరుకి చేసి, వాళ్లు చెప్పిన యాప్ ఏదో వేసుకుని బ్యాంకు డబ్బు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు.

అసలు చిక్కు ఇక్కడే. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012 నిబంధనల ప్రకారం ప్రతి ఫిర్యాదుకీ డాకెట్ నంబరు, అంటే ఫిర్యాదు నమోదు నంబరు ఇవ్వాలి, కొన్ని కంపెనీలు దాన్నే టికెట్ నంబరంటాయి. ఆ నంబరుతో మెసేజ్ వెళ్లేది కనెక్షన్‌కి రిజిస్టర్ అయిన మొబైల్‌కి. అద్దె ఇళ్లలో అది ఓనరుదో, పాత కిరాయిదారుదో అయి ఉంటుంది, కొన్నిచోట్ల కనెక్షన్ ఇచ్చినవాళ్లు తమ నంబరే వేసేసుకుంటారు, చిన్న ఆఫీసుల్లో ఎప్పుడో మానేసిన ఉద్యోగిది ఉండిపోతుంది. అందుకే అదే కాల్‌లో మీ నంబరు ఎలా మార్చుకోవాలో అడగండి, డాకెట్ నంబరు నోటితో చెప్పించుకుని రాసుకోండి, ఎప్పటిలోగా బాగుచేస్తారో కూడా అడగండి. పని కాకుండానే ఫిర్యాదు మూసేయడానికి ఓటీపీ అడిగితే చెప్పకండి, నెట్ వచ్చాకే చెప్పండి.

గడువు దాటినా కదలిక లేకపోయినా, వాళ్లు చేసింది సరిపోకపోయినా 30 రోజుల్లోగా అదే కంపెనీ అప్పీలు అధికారికి రాయవచ్చు. ఫీజు లేదు, ఎవరికీ రూపాయి ఇవ్వాల్సిన పని లేదు. వివరాలు కంపెనీ వెబ్‌సైట్‌లో ఉంటాయి, ఈమెయిల్ చాలు, 39 రోజుల్లోగా తేల్చాలి. డాకెట్ నంబరు లేకపోతే మాత్రం ఈ అప్పీలు ముందుకు సాగదు.

అక్కడా న్యాయం జరగకపోతే టెలికాం శాఖకి సీపీగ్రామ్స్ అనే కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టుకోండి, డాకెట్ నంబరుతో పాటు అప్పీలు నంబరు కూడా రాయండి. ట్రాయ్‌కి నేరుగా రాస్తే ఉపయోగం ఉండదు, విడి వినియోగదారుల ఫిర్యాదులను అది విచారించదు.