నవ్వించే నాటకాన్ని విషాదంగా తిరగరాయడం: కన్యాశుల్కంతో ఒక కసరత్తు

విషాదం కోసం కొత్త ఏడుపులేమీ చేర్చక్కర్లేదు. గొప్ప హాస్య నాటకంలో దుఃఖం ముందే ఉంటుంది. దాన్నుంచి బయటపడే దారి కూడా రచయితే ఉంచుతాడు, అందుకే మనం నవ్వగలుగుతాం. ఆ దారి మూసెయ్యడమే మీ పని.

కన్యాశుల్కాన్నే తీసుకోండి. గురజాడ 1915లో కన్నుమూశారు కాబట్టి హక్కుల చిక్కు లేదు. 1897లో అచ్చేసిన నాటకాన్ని 1909లో ఆయనే దాదాపు కొత్తగా రాశారు. ఈ రెండో ప్రతినే పట్టుకోండి, వేశ్య మధురవాణి పాత్ర నిండుగా ఉన్నది అందులోనే.

ముందు ఎర్ర పెన్సిల్‌తో మొత్తం చదవండి. మారువేషం, సమయానికి దిగే మనిషి, బయటపడే అబద్ధం, ఇలా ఎవరో ఒకరు గట్టెక్కే ప్రతిచోటా గీత పెట్టండి. ఇందులో అన్నిటికన్నా పెద్ద గీత సుబ్బి మేనమామ కరటకశాస్త్రి శిష్యుడి ఆడవేషం కింద పడుతుంది. పెళ్లికూతురిగా ఆ వేషం నిలిచింది కాబట్టే, తండ్రి అగ్నిహోత్రావధాన్లు డబ్బుకి ఇవ్వబోయిన చిన్నపిల్ల సుబ్బికి ముసలి పిసినారి లుబ్ధావధాన్లుతో పెళ్లి తప్పింది. ఆ ఒక్క దారే మూయండి. రెండు మూశారంటే రచయిత పాత్రల మీద కక్ష కట్టాడని ప్రేక్షకుడికి తెలిసిపోతుంది.

ఎలా మూస్తారన్నది అసలు సంగతి. జ్వరం, వరద, ప్రమాదం పనికిరావు. ఏ గుణం చూసి నవ్వామో ఆ గుణమే కొంప ముంచాలి. లుబ్ధావధాన్లు ఇంకో వంద తగ్గించమని బేరం రెండు రోజులు సాగదీస్తాడనుకోండి. ఈలోగా వేషం గుట్టు పెళ్లి మధ్యవర్తి రామప్పంతులు కంట పడుతుంది. పంతులు తన కమిషన్ పోకుండా సుబ్బితో పాత సంబంధాన్నే మళ్లీ కుదురుస్తాడు. ఇందులో ఎవరూ కొత్తగా చెడ్డవాళ్లు కాలేదు, ఎప్పుడూ చేసే పనే చేశారు.

మొదటి సగంలో ఒక్క హాస్యపు మాట కూడా కొయ్యకండి. చాలామంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు: మొదటి రంగం నుంచే మాటకారి మోసగాడు గిరీశాన్ని దుర్మార్గుడిలా, సుబ్బి అక్క, వితంతువు బుచ్చమ్మను కన్నీటి బొమ్మలా ఆడిస్తారు. అప్పుడు పడిపోవడానికి ఎత్తే ఉండదు. గిరీశం మీద చివరిదాకా ముచ్చట పోకూడదు.

తర్వాత నవ్వు పుట్టించిన ఒక వస్తువునో అంకెనో వెనక్కి తీసుకురండి. సుబ్బి ధర, అంటే పెళ్లికొడుకు ఆమె తండ్రికి ఇవ్వాల్సిన కన్యాశుల్కం, 1800 రూపాయలు. మొదట్లో ఆ అంకె అగ్నిహోత్రావధాన్లు కేకల మధ్య వినిపిస్తుంది. చివర అతను నోరు మెదపకుండా నాణేలు పేర్చాలి. 40 నాణేలు చాలు, నిమిషన్నర పడుతుంది. అంతకు మించితే హాల్లో దగ్గులు మొదలవుతాయి. సుబ్బికి మూలంలో చోటు చాలా తక్కువ, ఇక్కడ కూడా మాటలు ఇవ్వకండి. నాన్న లెక్క తప్పినప్పుడు దీపం కాస్త దగ్గరికి జరిపి పోతుంది, అంతే. ఆ పాత్రకు పదేళ్ల పిల్లే కావాలి, పెద్ద నటికి ఓణీ కడితే రంగం చచ్చిపోతుంది.

ఆ రంగంలో వయొలిన్, నీలం లైటు వద్దు. మొదటి అంకంలో ఉన్న వెలుగే ఉండనివ్వండి. రిహార్సల్లో మొదటి పది రోజులు మూలంలోని హాస్యమే ఆడించి, ఆ తర్వాతే కొత్త ముగింపు చేతికివ్వండి. ముందే ఇస్తే నటుల గొంతులు మొదటి రోజు నుంచే బరువెక్కుతాయి.

‘డామిట్, కథ అడ్డంగా తిరిగింది’ అన్న గిరీశం ఆఖరి మాట మాత్రం తీసెయ్యాల్సిందే. అది అందరికీ నోటికొచ్చు. నటుడు ఎంత మెల్లగా పలికినా హాలు ఘొల్లుమంటుంది.