ఘన ప్రొపెల్లెంట్‌కు వేడి తగిలితే – 3వ పాఠం: మంట కన్నా సెగతోనే భయం

గత పాఠంలో థర్మల్ డిఫ్యూజివిటీ (పదార్థంలో వేడి ఎంత త్వరగా వ్యాపిస్తుందో చెప్పే అంకె) విలువ రాబట్టాం. అమోనియం పెర్క్లోరేట్, హెచ్‌టీపీబీ రబ్బరు, అల్యూమినియం పొడి కలిసిన ప్రొపెల్లెంట్‌కు, అంటే రాకెట్ ఇంధనపు ముద్దకు, అది సెకనుకు సుమారు 0.2 చదరపు మిల్లీమీటర్లు. వేడెక్కిన రాకెట్ మోటారు (ప్రొపెల్లెంట్ నింపిన గొట్టం) ముందుగా ఎక్కడ రాజుకుంటుందో ఈ అంకెతోనే అంచనా వేయొచ్చు.

మోటారు నేరుగా మంటలో పడిందనుకోండి. 2 నిమిషాలంటే 120 సెకన్లు. 0.2తో గుణిస్తే 24, దాని వర్గమూలం దాదాపు 5. అంటే వేడి లోపలికి దిగింది 5 మిల్లీమీటర్లే! కేసింగ్‌ను (మోటారు బయటి తొడుగును) ఆనుకున్న పొర అంటుకుంటుంది, లోపలిదంతా చల్లగానే ఉంటుంది. కేసింగ్ కూడా మంటకు మెత్తబడి త్వరగా విచ్చుకుంటుంది కాబట్టి చాలాసార్లు కాలిపోవడంతో సరి.

పక్క గదిలో మంట రేగి, సెగ గంటలకొద్దీ తగిలితే కథ వేరు. ఇలాంటి నెమ్మది సెగను పరీక్షించే నాటో పద్ధతిలో చాలాకాలం గంటకు 3.3 డిగ్రీల చొప్పున వేడి చేసేవారు. నడిమి రంధ్రం లేని గ్రెయిన్‌లో (అచ్చుపోసిన ప్రొపెల్లెంట్ ముద్దలో), బయటికీ మధ్యకూ ఉష్ణోగ్రత తేడా కావాలంటే వేడి రేటును సెకనుకు మార్చి, వ్యాసార్ధపు వర్గంతో గుణించి, డిఫ్యూజివిటీకి 4 రెట్లతో భాగించండి. 50 మిల్లీమీటర్ల వ్యాసార్ధానికి తేడా 3 డిగ్రీలు కూడా రాదు. ముద్ద మొత్తం ఒకేలా కాగుతుందన్నమాట. లోపల రసాయన చర్య పుట్టించిన వేడి బయటపడే దారిలేక, రాజుకోవడం నడిమధ్యే మొదలవుతుంది.

అప్పటికే ప్రొపెల్లెంట్ పాడై ఉంటుంది. పెర్క్లోరేట్ స్ఫటికాలు కొంత విచ్ఛిన్నమై సన్నని రంధ్రాలతో గుల్లబారతాయి. 240 డిగ్రీల దగ్గర వాటి స్ఫటిక రూపమే మారి, పరిమాణం పెరుగుతుంది. రబ్బరు గట్టిపడి పెళుసవుతుంది. జ్వాల ఆ రంధ్రాల్లోకి చొరబడితే మండే ఉపరితలం ఒక్కసారిగా ఎన్నో రెట్లవుతుంది. ఆ వేడికి ఉక్కు కేసింగ్ మాత్రం ఇంకా బలంగానే ఉంటుంది. పేలుడుకు ఇంకేం కావాలి?

అందుకే వెంట్ (వాయువు బయటికి పోయే దారి) అనేది ప్రొపెల్లెంట్ రాజుకోకముందే తెరుచుకోవాలి. చిన్న బెజ్జం పెట్టి ఊరుకుంటే లాభం లేదు: పీడనం పెరిగేకొద్దీ మండే వేగమూ పెరుగుతుంది, వాయువు బయటికి పోయే లోపే కేసింగ్ పగులుతుంది. కార్బన్ ఫైబర్ కేసింగ్‌కు ఇక్కడ ఒక సుగుణం ఉంది, వేడికి దాని రెజిన్ ముందే పట్టు వదిలేస్తుంది. ఇంకో మాట: మంట ఆరింది, బయటి థర్మోకపుల్ (ఉష్ణోగ్రత కొలిచే తీగ) రీడింగు దిగుతోంది అని దగ్గరికి పోకండి. లోపలి వేడి తనంతట తానే పెరుగుతూ ఉండొచ్చు.

అభ్యాసం: పరీక్ష రేటును ఈమధ్య గంటకు 15 డిగ్రీలకు పెంచారు. వ్యాసార్ధం 100 మిల్లీమీటర్లయితే తేడా ఎంత? జవాబు సుమారు 52 డిగ్రీలు రావాలి. అప్పుడు రాజుకునేది మధ్యలోనా, అంచు దగ్గరా?