పడవలో నుంచి జిగ్‌తో వాలై చేపను పట్టే పద్ధతి

వాలై పేరు వినగానే మన వాలుగ గుర్తుకు వస్తుంది గాని, వాలుగ మీసాల చేపల జాతికి చెందినది, వాలై పెర్చ్ కుటుంబానికి చెందినది. రెండింటికీ చుట్టరికం లేదు. 1965 నుంచి అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్ర చేపగా ఉన్న వాలైకి కంటి లోపల వెనుకభాగాన వెలుతురును తిప్పికొట్టే పొర ఒకటి ఉంటుంది. దానివల్ల అది మసక వెలుతురులో కూడా ఎరను స్పష్టంగా చూడగలదు. కాబట్టి తెల్లవారుజామున, పొద్దుగూకే వేళ, మబ్బు పట్టి గాలికి సరస్సులో చిన్న అలలు లేచినప్పుడు వేటకు వెళ్లడం మంచిది.

కొక్కెం మెడ దగ్గర చిన్న సీసపు గుండు పోతపోసి ఉన్న గాలాన్నే జిగ్ అంటారు. సుమారు 10 అడుగుల లోతుకు 1/8 ఔన్సు గుండుతో మొదలుపెట్టి, లోతు, గాలి, ప్రవాహం పెరిగేకొద్దీ 1/4, 3/8 ఔన్సులకు వెళ్లాలి. గుండు నీటి అడుగున తగిలినట్టు చేతికి తెలిసేంత బరువు చాలు. అంతకు మించితే గుండు రాయిలా పడిపోతుంది, చేప అనుమానిస్తుంది. కొన సున్నితంగా ఉండే ఆరున్నర నుంచి ఏడడుగుల కర్రకు 6 లేదా 8 పౌన్ల బరువును తట్టుకునే నైలాన్ తంగూసు సరిపోతుంది.

వసంతంలో, నీరు ఇంకా చల్లగా ఉన్నప్పుడు, మిన్నో అనే చిన్న చేపను జిగ్‌కు గుచ్చుతారు. నీరు వెచ్చబడ్డాక జలగ గాని, సగానికి తుంచిన పెద్ద వానపాము గాని బాగా పనిచేస్తాయి. జలగను దాని పెద్ద పీల్చుడు పట్టు ఉన్న కొస దగ్గరే గుచ్చితే అది నీటిలో చక్కగా ఈదుతుంది.

అసలు నేర్పంతా జిగ్‌ను దించడంలో ఉంది. గుండు అడుగు తాకేదాకా తంగూసును వదిలి, అది సడలగానే బిగించి, కర్ర కొనను ఆరు నుంచి పన్నెండు అంగుళాలు మెల్లగా పైకి ఎత్తి, దిగుతున్న జిగ్ వెంబడే కొనను కూడా కిందికి తీసుకురావాలి. కొత్తవారు ఎత్తడం మీదే మనసు పెట్టి, దించేటప్పుడు తంగూసును పూర్తిగా వదిలేస్తారు; అయితే వాలై ఎక్కువగా ఎరను పట్టేది అది దిగుతున్న ఆ క్షణంలోనే కాబట్టి, వదులుగా ఉన్న తంగూసులో ఆ తాకిడి తెలియకుండా పోతుంది. ఆ తాకిడి చాలాసార్లు చిన్న టక్కుమనే దెబ్బగానో, ఎత్తబోతే తడిబట్ట తగిలినంత బరువుగానో ఉంటుంది. అనుమానం వస్తే వెంటనే మణికట్టుతో కొక్కెం బిగించండి. గాలిలో లాగినా పోయేదేమీ లేదు. చల్లటి నీటిలో ఎత్తడం కూడా మానేసి, జిగ్‌ను అడుగున ఈడుస్తూ మధ్యమధ్య ఆపితే చాలు.

పడవ అదుపులో లేకపోతే ఈ నేర్పు అక్కరకు రాదు. తంగూసు పడవ కిందికి దాదాపు నిట్టనిలువుగా ఉండాలి. అది వెనక్కి వాలిపోతూ ఉంటే పడవ వేగంగా పోతోందనో, గుండు తేలికైందనో అర్థం. సరస్సులో ముందుభాగాన్ని గాలికి ఎదురుగా ఉంచి, విద్యుత్ మోటారుతో నెమ్మదిగా నిలదొక్కుకోవాలి. గాలి బలంగా ఉంటే నీటిలో గుడ్డ సంచిలా తెరుచుకునే డ్రిఫ్ట్ సాక్‌ను వేలాడదీస్తే పడవ నిదానిస్తుంది. మిన్నెసోటా, కెనడాలోని ఒంటారియోల సరిహద్దున పారే రెయినీ నది వంటి చోట పద్ధతి వేరు: ప్రవాహం ఎంత వేగంతో పోతుందో పడవను కూడా అంతే వేగంతో దిగువకు జారనిచ్చి, జిగ్‌ను అడుగుకు తాకించి తీస్తూ పోవాలి.

సుమారు 30 అడుగులకు మించిన లోతు నుంచి పైకి తెచ్చిన చేప, ఒత్తిడి మార్పు వల్ల లోపలి గాలితిత్తి ఉబ్బి, వదిలినా బతకకపోవచ్చు. కాబట్టి తినదలచినన్ని దొరికాక లోతైన చోట వేట ఆపేయాలి. ఎన్ని చేపలు పట్టవచ్చన్న పరిమితులు సరస్సును బట్టి మారతాయి, ముందే చూసుకోండి. ఒడ్డుకు చేరాక పడవ అడుగు బిరడా తీసి నీరంతా వదిలేయడం మిన్నెసోటాలో చట్టం.