మొదటి ఉద్యోగంలో చేరుతున్నారా? ముందే తెలిస్తే బాగుండేవి కొన్ని

కాలేజీలో ఏదైనా తెలియకపోతే వెనక బెంచీలో తల దించుకుని కూర్చుంటే గడిచిపోయేది. ఆఫీసులో గడవదు. నేను చేరిన రెండో వారంలో ఒక ఎక్సెల్ షీట్ ఇచ్చి మర్నాడు పొద్దున్నకి కావాలన్నారు, అందులో రెండు కాలమ్స్ ఏంటో నాకు అర్థం కాలేదు, అడిగితే ఇది కూడా రాదా అంటారేమోనని రాత్రిదాకా దానితోనే కుస్తీ పట్టాను. మర్నాడు పక్క సీట్లో సీనియర్ ఐదు నిమిషాల్లో చెప్పేశాడు. టీమ్ లీడ్ చేత చీవాట్లు తిన్నది పని రానందుకు కాదు, నిన్ననే చెప్పనందుకు.

అందుకని ఓ అరగంట సొంతంగా ప్రయత్నించండి, తర్వాత మొహమాటపడకుండా అడిగేయండి. ఉత్తినే "రావట్లేదు" అంటే ఎవరూ ఏమీ చేయలేరు, "ఇక్కడిదాకా చేశాను, ఇదిగో ఈ ఎర్రర్ దగ్గర ఆగిపోయాను" అంటే చెప్పేవాళ్లకీ తేలిక. చెప్పింది రాసుకోండి, అదే డౌట్ మూడోసారి అడిగితే ఎవరికైనా విసుగే.

ఇక జీతం. ఆఫర్ లెటర్లో సీటీసీ (కంపెనీ మన మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు) 3.6 లక్షలు అని ఉంటే, నెలకి 30 వేలు చేతికొస్తాయని ఇంట్లో చెప్పేయకండి. అందులో కంపెనీ కట్టే పీఎఫ్ (ప్రావిడెంట్ ఫండ్, రిటైర్మెంట్ పొదుపు) వాటా, చాలాచోట్ల గ్రాట్యుటీ (ఏళ్లు పనిచేసి మానేసినప్పుడు ఇచ్చే మొత్తం), ఇన్సూరెన్స్ కూడా కలిపే చూపిస్తారు. మన వాటా కింద అలవెన్సులు కలపని అసలు జీతం, అంటే బేసిక్‌లో 12 శాతం పీఎఫ్‌కి పోతుంది, కొన్ని కంపెనీలు బేసిక్ అంతకన్నా ఎక్కువున్నా 15 వేల మీదే లెక్కేసి 1,800 పట్టుకుంటాయి. తెలంగాణలో జీతం 20 వేలు దాటితే నెలకి 200 ప్రొఫెషనల్ ట్యాక్స్. మొదటి పేస్లిప్ రాగానే ఒక్కో లైనూ చూసుకోండి. 12 అంకెల యూఏఎన్ (పీఎఫ్‌లో మనకిచ్చే నంబర్) రాసిపెట్టుకోండి, కంపెనీ మారినా అదే నంబర్. ఆధార్‌లో, పాన్‌లో, పీఎఫ్‌లో పేరు ఒకేలా ఉందో లేదో ఇప్పుడే చూడండి (ఒకచోట ఇంటిపేరు పూర్తిగా, ఇంకోచోట పొడి అక్షరం, మన తెలుగువాళ్ల శాశ్వత తలనొప్పి), లేదంటే రేపు పీఎఫ్ డబ్బులు తీసుకునేటప్పుడు తిరగలేక చస్తారు.

ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించండి, ఇచ్చేసి మాత్రం రావద్దు.

సెలవుల సంగతి. దసరాకి కాలేజీలో ఇచ్చినన్ని రోజులు ఇక మర్చిపోండి. సంక్రాంతికి ఊరెళ్లాలంటే రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు, ఉదయం 8 గంటలకి తెరుచుకుంటుంది, ఆ రోజే టికెట్ తీసేసి లీవ్ కూడా అప్పుడే అడగండి. లీవ్ దొరక్కపోతే టికెట్ క్యాన్సిల్ చేసుకోవచ్చు, లీవ్ దొరికి టికెట్ లేకపోతే హాస్టల్ సాంబారుతోనే పండగ.