పాత బీఎస్‌ఏ సైకిల్‌ని బాగుచేయించి తిరుపతి రోడ్ల మీద తొక్కడం ఎలా

ఇంట్లో మెట్ల కింద ఎప్పుడో నాన్న తొక్కిన బీఎస్‌ఏ ఎస్‌ఎల్‌ఆరో, హెర్క్యులెసో, అట్లాసో తుప్పు పట్టి పడి ఉంటే పాత సామాన్ల వాళ్లకి వేసేయకండి. ఇనుము తూకానికి వచ్చేది ఏమీ ఉండదు. అదే సైకిల్ మీద కొంచెం ఖర్చు పెడితే ఊళ్లో పనులకీ, తెల్లారుజామున చంద్రగిరి దాకా వెళ్లి రావడానికీ హాయిగా సరిపోతుంది. కాకపోతే డబ్బులు ఎక్కడ పెట్టాలో తెలియాలి. చాలామంది ముందు పెయింట్ కొట్టించి, కొత్త సీటు, రంగు గ్రిప్పులు వేయించి, తీరా రోడ్డెక్కాక బ్రేకు పడక భయపడి మళ్లీ మూలన పడేస్తారు. మొదటి రూపాయి బ్రేకుకి, తర్వాత టైర్లకి, ఆ తర్వాత బేరింగులకి పెట్టండి. పెయింట్ వచ్చే ఏడాది చూసుకోవచ్చు.

ఖర్చు పెట్టే ముందు ఫ్రేమ్ చూడండి. హ్యాండిల్ కింద పైపులు కలిసే చోట, పెడల్ యాక్సిల్ ఉండే గుండ్రటి భాగం అడుగున గుడ్డతో గట్టిగా తుడిచి వెలుతురులో చూస్తే పగులు ఉంటే కనపడుతుంది. పైపైన తుప్పు ఉంటే ఫర్వాలేదు, గీరితే పోతుంది. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే లోపలికి దిగేంత తుప్పు ఉంటే మాత్రం ఆ ఫ్రేమ్ వదిలేయండి. పక్క నుంచి చూసినప్పుడు ముందు ఫోర్కు వెనక్కి వంగినట్టు ఉంటే ఆ బండి ఎప్పుడో దేనికో గుద్దుకుందని అర్థం, ఫోర్కు మార్చాల్సిందే.

స్పేర్ల గురించి టెన్షన్ అక్కర్లేదు. అట్లాస్ 2020 జూన్‌లో సాహిబాబాద్ ఫ్యాక్టరీ ఆపేసినా ఆ సైకిళ్లు తిరుగుతూనే ఉన్నాయి, ఎందుకంటే మన పాత సైకిళ్ల సామాన్లు చాలావరకు ఒక కంపెనీవి ఇంకో కంపెనీకి పడతాయి. టైరు దగ్గర మాత్రం జాగ్రత్త. 26 అంగుళాలు అని అడిగి తెచ్చుకుంటే పడుతుందనుకోవద్దు. 26x1⅜ టైరు కూర్చునే రిమ్ము కొలత 590 మిల్లీమీటర్లు, రేంజర్ లాంటి లావు టైర్ల సైకిల్‌ది 559, రెండూ 26 అనే పిలుస్తారు, ఒకదానికొకటి పట్టవు. పెద్ద 28x1½ ది 635. పాత టైరు పక్కన 37-590 అనో 40-635 అనో ఉంటుంది, దాన్ని ఫోన్‌లో ఫోటో తీసుకుని షాపుకి వెళ్లండి.

మెకానిక్ దగ్గర "అన్నా, పూర్తి ఓవరాయిలింగ్ చెయ్యి, బాల్సులన్నీ కొత్తవి వెయ్యి" అని గట్టిగా చెప్పండి, బాల్సులంటే బేరింగుల్లోని చిన్న ఇనుప గుండ్లు. పాత బాల్సుల్నే కడిగి గ్రీసు పెట్టి ఇస్తే మళ్లీ గరగర మొదలవుతుంది. ఆ బాల్సుల్ని పట్టి ఉంచే కోన్‌లు కూడా విప్పి చేతిలో పెట్టమనండి. బాల్సులు తిరిగే దారిలో గుంటలు పడి ఉంటే అవీ మార్చాలి. చక్రం బిగించాక రిమ్ము పట్టుకుని అటూ ఇటూ ఊపితే కదలకూడదు, ఎత్తి వదిలితే గాలి కొట్టే వాల్ ఉన్న వైపు బరువుకి అదే కిందికి తిరగాలి. ట్యూబులు మార్చేటప్పుడు మోటారుసైకిల్ లాంటి వాల్ ఉన్నవి వేయించుకోండి, రిమ్ము బెజ్జం సరిపోతుంది, ఎండకి వాల్ రబ్బరు కరిగి గాలి దిగే బాధ ఉండదు. పెట్రోల్ బంకులో గాలి కొట్టించేటప్పుడు మాత్రం కొంచెం కొంచెంగా కొట్టమనండి, ఆ ప్రెషర్‌కి సైకిల్ ట్యూబు రెప్పపాటులో పగిలిపోతుంది.

ఇక బ్రేకు. పాత సైకిల్ రిమ్ములు క్రోమ్ పూసిన ఇనుపవి, నున్నగా ఉంటాయి, పొడిగా ఉన్నప్పుడే బ్రేకు అంతంతమాత్రం, తడిస్తే బ్రేకు నొక్కినా చక్రం తిరుగుతూనే ఉంటుంది. అన్నిటికన్నా మంచి మార్పు అల్యూమినియం రిమ్ములు. కాకపోతే కొనేముందు స్పోక్సు లెక్కపెట్టండి. పాత సైకిళ్లకి చాలావాటికి ముందు 32, వెనక 40 ఉంటాయి, షాపుల్లో దొరికేవి ఎక్కువగా 36 బెజ్జాలవి, అప్పుడు చక్రం మధ్యలో స్పోక్సు తగిలించే హబ్బులు కూడా మార్చాలి. అంత ఖర్చు వద్దనుకుంటే కేబుళ్లు లోపలి తీగ, బయటి గొట్టం రెండూ కొత్తవి వేయించి, మెత్తటి రబ్బరు బ్రేకు కట్టలు వేయించండి. కట్ట ముందు అంచు రిమ్ముకి ఒక మిల్లీమీటరు ముందుగా తగిలేలా పెడితే కీచుమనదు, పట్టు బాగుంటుంది. చైనుకి నూనె వేసేటప్పుడు రిమ్ము మీద చుక్క కూడా పడనీయకండి.

మన ఊరికి గేరు మార్చడం కూడా అవసరమే. ముందు పెడల్ దగ్గరి చక్రానికి 44 పళ్లు, వెనక చైను పడే పళ్ల చక్రం, అంటే ఫ్రీవీల్‌కి 18 పళ్లు ఉంటే పెడల్ ఒక చుట్టుకి బండి సుమారు 5 మీటర్లు వెళ్తుంది, చదును రోడ్డుకి బాగుంటుంది కానీ కపిలతీర్థం నుంచి అలిపిరి వైపు ఎక్కేటప్పుడు మోకాళ్లు పట్టేస్తాయి. 22 పళ్ల ఫ్రీవీల్ వేస్తే చుట్టుకి 4 మీటర్ల పైచిలుకు వస్తుంది, కూర్చునే ఎక్కేయొచ్చు. చైను ఒక లింకు పొడుగు కావాల్సి రావచ్చు. ఐదారు గేర్ల కిట్ వేయిస్తామని చెప్తారు, నేనైతే వద్దంటాను, వెనక ఫ్రేమ్ వెడల్పు సరిపోదు, లాగి సరిపెడితే చైను వంకర పోతుంది.

సీటు ఎత్తు ఇంట్లోనే సరిచేసుకోవచ్చు. పెడల్ బాగా కిందికి ఉన్నప్పుడు మడమ దాని మీద పెడితే కాలు నిటారుగా రావాలి. మనవాళ్లలో ఎక్కువమంది సీటు బాగా దించుకుని తొక్కి సైకిల్ బరువు అంటారు.

తొక్కేటప్పుడు బండి బ్రేకుని బట్టి మీ స్పీడు ఉండాలి. మన సైకిళ్లలో చాలావాటికి కుడి చేతి బ్రేకు ముందు చక్రానిది, ఆపే బలం అందులోనే ఎక్కువ. రెండూ కలిపి మెల్లగా మొదలుపెట్టి గట్టిగా నొక్కుతూ, ఒళ్లు వెనక్కి వేయండి. మొదటి రోజులు పొద్దున్నే తిరుచానూరు రోడ్డు చాలు, 5 కిలోమీటర్లు, పెద్దగా ఎత్తుపల్లాలు లేవు. బండి అలవాటయ్యాక తొండవాడ మీదుగా చంద్రగిరి వెళ్లండి, పోనూ 12 కిలోమీటర్లు, ఏప్రిల్, మే నెలల్లో అయితే ఎనిమిదింటికల్లా ఇంటికి వచ్చేయాలి. లీలామహల్ సర్కిల్ దగ్గర బస్సుల ఎడమ పక్క సందులో దూరకండి, అవి ఎప్పుడు పక్కకి తీస్తాయో తెలియదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకి వానలు, అప్పుడు ఆపాల్సిన చోటుకి చాలా ముందే బ్రేకు తేలిగ్గా ఆనించి ఉంచండి, రిమ్ము మీది నీళ్లు తుడుచుకుపోయాక అసలు పట్టు వస్తుంది.

ఘాట్ రోడ్డు ఆలోచన ఈ సైకిల్‌తో పెట్టుకోకండి. ఎక్కడం సంగతి అటుంచి, దిగే దారి 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డు, ఆ మలుపుల్లో ఇనుప రిమ్ముల బ్రేకుని నమ్మకూడదు. అలిపిరి దగ్గర టీ తాగి వెనక్కి తిరిగితే ఊళ్లోకి అంతా పల్లమే.

వారం తొక్కాక ఒకసారి మళ్లీ షాపుకి తీసుకెళ్లండి. కొత్త స్పోక్సు, కేబుళ్లు కొంచెం సాగుతాయి, బిగించాలి. పెడల్ తొక్కినప్పుడల్లా టక్ టక్ అంటుంటే క్రాంకులోని, అంటే పెడల్ కడ్డీని యాక్సిల్‌కి బిగించే కాటర్ పిన్ వదులైందని అర్థం, అలాగే తొక్కితే పిన్ను అరిగి క్రాంకు బెజ్జం కూడా పాడవుతుంది. ఊరికే నట్టు తిప్పితే సరిపోదు, కింద బరువు ఆనించి పిన్నుని సుత్తితో కొట్టి, ఆ తర్వాతే నట్టు బిగించమనండి. చైను మధ్యలో వేలితో ఎత్తితే ఒక సెంటీమీటరు ఆడాలి, అంతకంటే బిగుతు వద్దు.