ఎంబీఏ తరగతిలో నైతిక నాయకత్వాన్ని బోధించడం ఎలా?

వ్యాపార నీతి పాఠాన్ని నిర్వచనాలతో కాక, విద్యార్థులు ఎరిగిన బేరంతో మొదలుపెట్టండి. గుంటూరు ఎంబీఏ తరగతిలో మిర్చి రైతుల పిల్లలూ, కమీషన్ వ్యాపారుల పిల్లలూ ఒకే బెంచీ మీద కూర్చోవడం వింతేమీ కాదు కనుక, మిర్చి మార్కెట్ యార్డు నేపథ్యంలో ఒక కల్పిత కేసు ఇవ్వవచ్చు. ఒక రైతు నలభై కిలోల టిక్కీలు (మిర్చి బస్తాలు) వంద తెచ్చాడు. తేమ ఉందంటూ కొనుగోలుదారు క్వింటాకు రెండు కిలోలు తరుగు తీయమన్నాడు, తేమ కొలిచే మీటరు మాత్రం ఎవరూ పెట్టి చూడలేదు. క్వింటా పదిహేను వేల చొప్పున రైతుకు పోయేది పన్నెండు వేలు. ఆ కొనుగోలుదారే కమీషన్ ఏజెంటుకు ఏడాది పొడవునా బేరం ఇచ్చేవాడు.

ఏజెంటు ఏం చేయాలని అడిగితే, నిజాయతీగా ఉండాలని అందరూ ఒకే మాట చెప్పి కూర్చుంటారు. అందుకు బదులు, కాటా దగ్గర అతను కొనుగోలుదారుతో అనవలసిన మాటలను రాయించండి, ఆ మాటలకు పోగల వ్యాపారాన్నీ లెక్క కట్టించండి.

తరువాత హైదరాబాదు ఐటీ కంపెనీ సత్యం కంప్యూటర్స్‌ను తీసుకోండి. లేని నగదును ఖాతాల్లో చూపామని దాని ఛైర్మన్ రామలింగరాజు ఒప్పుకున్న 2009 జనవరి 7 నాటి లేఖ కంటే, ఆయన కుటుంబం నడిపే మేటాస్ సంస్థల కొనుగోలుకు బోర్డు ఆమోదం తెలిపిన 2008 డిసెంబరు 16 నాటి సమావేశమే పాఠానికి ఎక్కువ పనికొస్తుంది. ఆ బోర్డులో మేనేజ్‌మెంట్ ప్రొఫెసర్లు కూడా ఉన్నారు (మన వృత్తివారికి ఇది కాస్త ఇబ్బందికరమే). ఛైర్మన్ కుటుంబం నడిపే సంస్థలను కొనే ప్రతిపాదన వచ్చినప్పుడు డైరెక్టరు ఏయే పత్రాలు అడగాలో విద్యార్థుల చేతే జాబితా రాయించండి. లిస్టెడ్ కంపెనీల్లో ఉద్యోగులు ఫిర్యాదు చేసే ఏర్పాటును తప్పనిసరి చేసిన 2013 కంపెనీల చట్టం 177వ సెక్షన్‌ను ఇక్కడే చెప్పవచ్చు.

అయితే విద్యార్థులు పాఠం కంటే ముందు మాస్టారిని చదువుతారు. 75 శాతం హాజరు లేనివారికి ఒకరి సిఫార్సు మీద హాజరు వేసి, మరునాడు పారదర్శకత గురించి చెబితే ఎవరూ నమ్మరు. ఇంటర్నల్ మార్కుల ప్రమాణాన్ని ముందే నోటీసు బోర్డు మీద పెట్టండి, మార్కు మారిస్తే కారణం రాయండి. జిరాక్సు షాపులో కొన్న ప్రాజెక్టు రిపోర్టులను ఆపాలంటే వైవాలో (మౌఖిక పరీక్షలో) సిద్ధాంతం అడగడం మాని, సర్వే ప్రశ్నావళి నింపించిన రోజు జవాబివ్వనని ఎవరు కాదన్నారో, ఎందుకు కాదన్నారో అడగండి.