ఎండలు ముదిరేలోపు: ఇంట్లో కుర్ర కుక్క ఉన్నవాళ్ళకు జాగ్రత్తలు

ఏప్రిల్ సగం గడిచిందంటే చాలు, బెజవాడలో కుక్కల్ని పెంచేవాళ్ళ నోట ఒకటే మాట. "మొన్నటిదాకా బాగానే ఉండేదండీ. ఇప్పుడు పిల్లల కాళ్ళు పట్టేస్తోంది, సోఫా చింపేసింది, బెల్లు మోగితే వచ్చినవాళ్ళ మీద పడిపోతోంది." కుక్కకు పొగరెక్కిందని కొందరు, తిండి ఎక్కువైందని కొందరు అంటారు. నిజానికి దాని స్వభావంలో వచ్చిన తేడా ఏమీ ఉండదు. ఎండ వల్ల రెండు పూటలా ఉండే నడక ఒక పూటకు, అదీ అరకొరగా తగ్గిపోతుంది. బడికి సెలవులిచ్చేసరికి పొద్దస్తమానం ఇంట్లో పిల్లల పరుగులు, అరుపులు. ఏసీ గది తలుపులు మూసేస్తే దానికి ఎప్పుడూ పడుకునే చోటు కూడా దొరకదు. ఆరు నెలల నుంచి ఏడాదిన్నర మధ్య వయసున్న కుక్కకు ఒళ్ళంతా సత్తువ, బుర్రనిండా కుతూహలం. వాటిని ఖర్చు పెట్టుకునే దారులన్నీ ఒకేసారి మూసుకుపోతే అది సోఫా మీద పడుతుంది.

కాబట్టి ఈ జాగ్రత్తలు రోహిణి కార్తెలో మొదలుపెడితే కుదరదు. ఉగాది అటూ ఇటూగా, ఇంకా పొద్దున పూట గాలి చల్లగా ఉన్నప్పుడే మొదలుపెట్టాలి. కుక్కకు కొత్త అలవాటు కుదరడానికి కొన్ని వారాలు పడుతుంది.

నడక వేళ

ముందుగా టైము మార్చుకోండి. ఇప్పుడు ఏడింటికి తీసుకెళ్తుంటే రెండు మూడు రోజులకోసారి పది పదిహేను నిమిషాల చొప్పున ముందుకు జరుపుతూ, ఏప్రిల్ నాటికి ఐదున్నరకల్లా వీధిలో ఉండేలా చూసుకోండి. ఒక్కసారిగా మారిస్తే మీరూ లేవరు, అది కూడా ఆ వేళకు మూత్రానికి సిద్ధంగా ఉండదు. సాయంత్రం పొద్దుగూకగానే బయల్దేరడం మనవాళ్ళు ఎక్కువగా చేసే పొరపాటు. మే నెలలో రోజంతా 42, 43 డిగ్రీలు తాగిన సిమెంటు రోడ్డు చీకటి పడ్డాక కూడా చాలాసేపు సెగలు కక్కుతూనే ఉంటుంది. మీ అరచేతి వెనక వైపును రోడ్డుకు ఆనించి ఏడు సెకన్లు ఉంచి చూడండి. మీరు ఓర్చుకోలేకపోతే దాని పాదాలూ ఓర్చుకోలేవు. ఏలూరు కాలువ, బందరు కాలువ గట్ల మీద మట్టి దారి దొరికితే తారురోడ్డు కంటే అదే మేలు.

మన ఊళ్ళో ఎండ ఒక్కటే ఇబ్బంది కాదు, ఉక్కపోత కూడా ఉంది. కుక్కకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదు, పాదాల అడుగున మాత్రమే కాస్త పడుతుంది. అందుకే నాలుక బయటపెట్టి రొప్పుతూ, నోట్లోని తడి ఆరడం ద్వారా ఒంటిని చల్లబరుచుకుంటుంది. గాలిలోనే తేమ ఎక్కువగా ఉంటే ఆ తడి సరిగ్గా ఆరదు, ఎంత రొప్పినా వేడి దిగదు. పగ్, షీట్జూ లాంటి చప్పిడి ముక్కు జాతులకు ఇది మరీ ప్రమాదం. వాటికి మే నెలలో నడక తగ్గించడమే మంచిది.

మామూలుగా కుక్క ఒంటి వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య ఉంటుంది. అది 105 దాటిందంటే వడదెబ్బ కిందే లెక్క. ఆగకుండా రొప్పడం, చొంగ తీగలా కారడం, చిగుళ్ళు ఎర్రబారడం, తూలిపోవడం కనిపిస్తే వెంటనే నీళ్ళతో తడిపి ఫ్యాను కింద పెట్టి డాక్టరు దగ్గరకు పరుగెత్తాలి. ఇక్కడ ఒక చిక్కు ఉంది. మధ్యాహ్నం రెండింటికి మేడ మీది ట్యాంకు నుంచి వచ్చే కుళాయి నీళ్ళు ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. అందుకని పొద్దున్నే ఒక బకెట్ నీళ్ళు పట్టి బాత్‌రూములో నీడలో పెట్టుకోండి. జూన్ దాకా అది ఖాళీగా ఉండకూడదు.

ఇంట్లో ఏం పని చెప్పాలి

నడక తగ్గిన మేర దానికి ఇంట్లో పని ఉండాలి. కుక్కను అలసిపోయేలా చేసేది కాళ్ళ కంటే ముక్కు. పదిహేను నిమిషాలు వాసన పట్టి వెతికిన కుక్క తనంతట తానే వెళ్ళి పడుకుంటుంది. దీనికి ఖరీదైన ఆటవస్తువులేమీ అక్కర్లేదు. పాత తువ్వాలు ఒకటి నేల మీద పరిచి, అది తినాల్సిన డాగ్ ఫుడ్‌లో సగం దాని మీద చల్లి, చాపలా చుట్టేయండి. మొదటిసారి కాళ్ళతో గీరి, పళ్ళతో లాగి అయోమయపడుతుంది. నాలుగో రోజుకల్లా ముక్కుతో తోస్తూ ఒక్కో మడతా విప్పడం నేర్చుకుంటుంది, ఆ ఏకాగ్రత చూసి తీరాలి. అది తేలికైపోయాక తువ్వాలుకు వదులుగా ఒక ముడి వేయండి. ఆ తర్వాత తిండిని గదిలో అక్కడక్కడా దాచి "వెతుకు" అనండి. గిన్నెలో పోసి ముందు పెట్టే తిండి రెండు నిమిషాల్లో అయిపోతుంది, మిగతా పూటంతా దానికేం తోచదు.

ఉప్పు లేని పెరుగన్నాన్ని చిన్న గిన్నెలో ఫ్రీజర్‌లో గడ్డకట్టించి మధ్యాహ్నం పెడితే అరగంట నాకుతూ కూర్చుంటుంది. నాకడం, నమలడం కుక్క మనసును నెమ్మదింపజేసే పనులు. నాలుగు నుంచి ఏడు నెలల మధ్య పిల్లకైతే ఇంకో కారణం కూడా ఉంది. 28 పాలపళ్ళు ఊడి 42 గట్టి పళ్ళు వచ్చే కాలం అది. చిగుళ్ళు సలుపుతుంటే అది ఏదో ఒకటి కొరక్క తప్పదు. తడిపి ముడివేసి ఫ్రీజర్‌లో పెట్టిన నూలు గుడ్డ, చల్లటి పెద్ద క్యారెట్ దానికి ఊరట. పాత చెప్పులు మాత్రం ఇవ్వకండి. పాత చెప్పు కొరకొచ్చు, కొత్త చెప్పు కొరకకూడదు అన్న తేడా దానికి తెలియదు. ఉడికించిన కోడి ఎముకలు కూడా వద్దు, అవి చీలి పేగుల్లో గుచ్చుకుంటాయి.

కూలర్ దించే రోజున కింద కూర్చుని, కుక్క కళ్ళకు కనిపించే ఎత్తు నుంచి ఆ మూలను ఒకసారి చూడండి. మోటారు వైరు నేల మీద వేలాడుతుంటుంది, ప్లగ్గు అందేంత ఎత్తులో ఉంటుంది, గడ్డి తడికలు పీకడానికి సరదాగా కనిపిస్తాయి, కింద కారిన నీళ్ళు మడుగు కడతాయి. నమిలే వయసులో ఉన్న కుక్క, కరెంటు వైరు, నీళ్ళు ఒకే చోట ఉన్నాయన్నమాట. వైరును గోడ వెంట పైకి క్లిప్పులతో బిగించండి, లేదా పీవీసీ గొట్టంలో దూర్చండి. కూలర్‌ను కిటికీ బయట బిగించుకోగలిగితే మరీ మంచిది. "అది దాని జోలికి వెళ్ళదులే" అనుకోవద్దు.

పిల్లలు, కుక్క

వేసవిలో నాకు ఎక్కువ ఆందోళన కలిగించేది ఇదే. పరుగెత్తేవాటిని వెంటాడటం కుక్కకు పుట్టుకతో వచ్చిన బుద్ధి. పిల్లవాడు కేకవేసి పరుగెత్తితే అది పిక్క పట్టుకుంటుంది, వాడు ఇంకా గట్టిగా అరుస్తాడు, దానికి ఆట ఇంకా రక్తి కడుతుంది. పిల్లలకు ఒక్క విషయం సెలవులకు ముందే అలవాటు చేయండి. కుక్క మీదకు వస్తే బొమ్మలా నిలబడిపోవాలి. చేతులు కట్టుకోవాలి, అరవకూడదు, దాని కళ్ళలోకి చూడకూడదు. ఆట ఆగిపోయిందని అర్థమైతే అదే వదిలేస్తుంది. పెద్దవాళ్ళూ అంతే. పళ్ళు చేతికి తగలగానే ఆట ఆపి అర నిమిషం గది బయటికి వెళ్ళిపోండి. ఇంట్లో అందరూ ఒకేలా చేయాలి. ఒకరు ఆపి, ఇంకొకరు అదే చేత్తో కుస్తీ పడితే దానికి ఏమీ అర్థం కాదు.

నిద్ర సంగతి చాలామంది పట్టించుకోరు. చిన్న కుక్కపిల్ల రోజుకు 18 గంటల దాకా పడుకుంటుంది, కాస్త ఎదిగిన కుక్కకూ అందులో చాలా భాగం కావాలి. పిల్లలు లాగి లేపుతూ ఉంటే సాయంత్రానికి అది పిచ్చిపట్టినట్టు గది చుట్టూ పరుగులు తీసి దొరికినవాళ్ళనల్లా కొరుకుతుంది. అప్పుడు దానికి కావాల్సింది ఇంకో ఆట కాదు, చీకటిగా ఉన్న ఒక మూల. మంచం కిందో, మెట్ల కిందో ఒక చోటు దానిదే అని తేల్చి, అక్కడికి వెళ్ళాక ఎవరూ ముట్టుకోకూడదని ఇంట్లో గట్టిగా చెప్పండి. తాతగారికి కూడా చెప్పండి. ఐదారేళ్ళ లోపు పిల్లల్ని, కుక్కను ఒకే గదిలో వదిలి వంటింట్లోకి వెళ్ళకండి, అది ఎంత సాధువైనా సరే.

ఇక మామిడిపండ్లు. నూజివీడు రసాలు వచ్చాక ఏ ఇంట్లో చూసినా ఇదే వరస. బాబు పండు పిసికి రసం జుర్రుకుంటూ ఉంటాడు, మోచేతి దాకా కారుతుంది, కింద కుక్క తల పైకెత్తి కూర్చుంటుంది. టెంక జారి కింద పడుతుంది. అది నోట కరుచుకుని బల్ల కిందికి దూరుతుంది. "వదులు, వదులు" అంటూ ఇంటిల్లిపాదీ దాని మీద పడతారు. భయంతో అది టెంకను గుటుక్కున మింగేస్తుంది, లేదంటే లాక్కోబోయిన చేతిని కరుస్తుంది. టెంక పేగులో అడ్డుపడితే ఆపరేషన్ చేయాల్సి వస్తుంది. వెంటపడకుండా మారకం వేయడం నేర్పాలి. ఇప్పటినుంచే రోజూ అది బొమ్మ నమిలేటప్పుడు దగ్గరకెళ్ళి, ముక్కు ముందు చిన్న కోడిమాంసం ముక్క పెట్టి "వదులు" అనండి. వదలగానే ముక్క ఇచ్చి, బొమ్మను కూడా తిరిగి ఇచ్చేయండి. చేయి దగ్గరకొస్తే నష్టమేమీ లేదని దానికి నమ్మకం కుదరాలి. ఆ నమ్మకం ఉన్న కుక్క టెంకను కూడా వదులుతుంది. ఆవకాయ పెట్టే రోజున మాత్రం దాన్ని వేరే గదిలో ఉంచడమే క్షేమం. ఉప్పు, కారం, నూనె సంగతి అటుంచి, వెల్లుల్లి కుక్క రక్తకణాలను దెబ్బతీస్తుంది. ఉల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ కూడా విషమే.

బెల్లు మోగినప్పుడు మీద పడే అలవాటుకు మందు ఒక్కటే. నాలుగు కాళ్ళూ నేల మీద ఉన్నప్పుడే పలకరింపు. ఎగిరితే వెనక్కి తిరిగిపోవాలి. అలవాటయ్యేదాకా డెలివరీ అబ్బాయి వచ్చినప్పుడు బెల్టు వేసి పట్టుకోండి, అతని భయం కూడా మనం గౌరవించాలి.

కొట్టొద్దు

పేపరు చుట్టి కొట్టడం, పాసు పోసిన చోట ముక్కు రుద్దడం ఇంకా చాలా ఇళ్ళలో నడుస్తోంది. దానివల్ల కుక్క నేర్చుకునేది మీకు కనబడకుండా పోసుకోవడం ఒక్కటే. గుర్రుమన్నందుకు కొట్టడం ఇంకా ప్రమాదం. గుర్రుమనడం అది ఇచ్చే హెచ్చరిక. దెబ్బలు తిని హెచ్చరించడం మానేసిన కుక్క ఒకరోజు చడీచప్పుడు లేకుండా కరుస్తుంది. గుర్రుకంటే ముందే అది చెప్పే మాటలు కొన్ని ఉంటాయి. ఒళ్ళు బిగుసుకోవడం, తల పక్కకు తిప్పి కంటి తెల్లగుడ్డు కనబడేలా చూడటం, తిండి లేకపోయినా పెదాలు నాక్కోవడం, తోక కాళ్ళ మధ్యకు ముడుచుకోవడం. ఇవి కనిపించగానే పిల్లవాణ్ణి పక్కకు తీసేయండి.

నెమ్మదైన కుక్క ఉన్నట్టుండి చిరాకు పడుతుంటే ముందు దాని ఒళ్ళు తడిమి చూడండి. వేసవిలో గోమార్లు విపరీతంగా పెరుగుతాయి. చెవుల లోపల, వేళ్ళ సందుల్లో, తోక కింద వెతకండి. వాటివల్ల జ్వరం వస్తుంది, తిండి మానేస్తుంది, ముట్టుకుంటే మండిపడుతుంది. చెవిపోటు, పంటినొప్పి ఉన్నా అంతే. అలాంటప్పుడు శిక్షణ గురించి ఆలోచించకుండా డాక్టరుకు చూపించాలి. ఊళ్ళో పశువైద్యులు ఉన్నారు, పెద్ద సమస్యలకు గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది.

సెలవుల్లో ఊరెళ్ళే ఆలోచన ఉంటే కుక్కను ఎక్కడ వదలాలో టికెట్లు తీసుకునే రోజే తేల్చుకోండి. వదిలే చోట ముందుగా ఒక పగలు, తర్వాత ఒక రాత్రి ఉంచి చూడండి. దానికి టీకాలన్నీ పూర్తయి ఉండాలి. మూడు నెలలు నిండాక రేబిస్ టీకా, ఆ తర్వాత డాక్టరు చెప్పిన ప్రకారం బూస్టర్లు.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా పన్ను గాటు పడవచ్చు. మన ఇంటి కుక్కే కదా అని ఊరుకోవద్దు. సబ్బు పెట్టి ధారగా పడే నీళ్ళ కింద 15 నిమిషాలు కడగండి. పసుపు, కారం, సున్నం ఏదీ పూయకండి, కట్టు కట్టకండి. అదే రోజు ఆసుపత్రికి వెళ్ళండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో రేబిస్ టీకా డబ్బు తీసుకోకుండా వేస్తారు. చర్మంలోకి వేసే పద్ధతిలో మొదటి రోజు, ఆపైన 3, 7, 28 రోజులకు వేస్తారు, పన్ను దిగి చర్మం చీలి రక్తం వస్తే గాయం దగ్గర ఇమ్యూనోగ్లోబ్యులిన్ (రేబిస్‌ను వెంటనే ఎదుర్కొనే మందు) కూడా అవసరమవుతుంది. వెళ్ళేటప్పుడు కుక్క టీకా కార్డు వెంట పట్టుకెళ్ళండి, డాక్టరు అడిగే మొదటి ప్రశ్నల్లో అదొకటి.